ఈత చిలుకల పందిరి

నా చిన్నప్పుడు నాంపల్లిలో మేముండే వాడలో ఒక పెళ్లి పందిరి పెళ్లికి ముందురోజే నేలకూలింది. గాలివానకి కాదు. మనుషులే పీకి, తొక్కి, విరగ్గొట్టారు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లుంటాయేమో. ఆ పందిరి కిందే కూర్చుని మోదుగ పూలు దారానికి గుచ్చుతున్నాను కాబట్టి జరిగిందంతా నా కళ్లముందే జరిగింది.

రాష్ట్రం ఏర్పడ్డాక మా నాన్న ఆఫీసు హైదరాబాదుకి మారింది. గుంటూరు వైపు నుంచి వచ్చి నాంపల్లిలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. గోడకి అవతల పక్కింటి అక్క, వాళ్ల నాన్న ఉండేవారు. వాళ్లది వికారాబాదు అడవుల దగ్గరి పల్లె. తల్లి చాలా ఏళ్ల కిందటే పోయింది. తండ్రి స్టేషను దగ్గర కట్టెల అడ్డాలో గొడ్డలి పని చేసేవాడు. ఎంత పెద్ద తుమ్మ మొద్దునైనా చూస్తుండగానే చీల్చేసే మనిషి, ఇంట్లో గొంతు పెంచడం మాత్రం నేనెప్పుడూ వినలేదు.

మా అమ్మ భయస్తురాలు. పంపు దగ్గర తన మాట తీరు విని ఆడవాళ్లు నవ్వుతారని, బిందె నిండగానే తల వంచుకుని వచ్చేసేది. అక్క ఒక్కతే అమ్మని గట్టుమీద కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేది. అమ్మ ఏదైనా అంటే, ఆ మాటకి తమ వైపు ఏమంటారో చెప్పి తనే ముందు నవ్వేది.

అక్కకి ఆబిడ్స్‌లో బట్టల దుకాణమున్న వాళ్ల సంబంధం కుదిరింది. పెళ్లికొడుక్కి తండ్రి లేడు. ఆ ఇంట్లో మేనమామ చెప్పిందే మాట. అక్కకి మాత్రం ఒకటే కోరిక ఉండేది. తన తల్లి పెళ్లికి వేసినట్టు, అడవి నుంచి తెచ్చిన వాటితోనే పందిరి వేసుకోవాలని. తండ్రి ఊరికి వెళ్లి బండి నిండా తెచ్చాడు. వెదుళ్లు, పచ్చి నేరేడు కొమ్మలు, ఈత మట్టలు, గోనెసంచిలో మోదుగ పూలు. బండి విప్పిన రోజు వాడంతా పచ్చి ఆకు వాసన.

ఈత మట్టకి మొదలు దగ్గర పొడవాటి ముళ్లుంటాయి. అక్క కొడవలితో వాటిని చెక్కేసి, ఆకుల్ని చీల్చి చిలుకలు అల్లేది. మా అమ్మ పక్కన కూర్చుని నేర్చుకుంది. మొదటి రోజు అమ్మ వేళ్లన్నీ గీరుకుపోయి నెత్తురు వచ్చింది. మర్నాడు గుడ్డపీలికలు చుట్టుకుని మళ్లీ కూర్చుంది. నేను చూసినంతలో మా అమ్మ ఇల్లు వదిలి ఇంకొకరి వాకిట్లో అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి. పందిరి అంచంతా చిలుకలు వేలాడాయి. గుంజలకి మోదుగ పూల దండలు చుట్టారు. మధ్యాహ్నం ఎండ పైనుంచి పడితే ఆ పూలు నిప్పుల్లా మండేవి.

తెల్లారితే పెళ్లి. ఆ మధ్యాహ్నం మేనమామ ఏర్పాట్లు చూడ్డానికి వచ్చాడు. వెంట పెళ్లికొడుకూ, దుకాణంలో పనిచేసే ఇద్దరు మనుషులూ ఉన్నారు. మేనమామ తాగి వచ్చాడని కల్లు వాసనే చెప్పింది. పందిరి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏందిది? గొడ్ల కొట్టమా? రేపు ఆబిడ్స్ సేట్లంతా గీ ఆకుల కింద కూసుంటరా? బల్బులేవి? కాగితం పూలేవి?" అన్నాడు.

అక్క తండ్రి చేతులు జోడించాడు. "బావా, పిల్ల ముచ్చటపడ్డది. పొద్దుగాలకు బల్బులు గూడ పెట్టిస్త. జర నిమ్మళంగ కూసో" అన్నాడు.

మేనమామ కూర్చోలేదు. చేయెత్తి ఒక చిలుకల వరస లాగేశాడు. అది పుటుక్కున తెగి నా తలమీద పడింది. తర్వాత ఇంకొకటి. దుకాణం మనుషులు కూడా చేయి కలిపారు. దండలు తెంపారు, కొమ్మలు పీకి కాళ్లకింద వేసి తొక్కారు. అక్క తండ్రి వెళ్లి మేనమామ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నాడు, అంతే. ఆ చేతుల్లో ఉన్న బలానికి ఆ మనిషిని గోడకేసి కొట్టగలడు. కానీ పెళ్లికూతురి తండ్రి కదా.

మేనమామ ఆ చెయ్యి విదిలించుకుని, పక్కనున్న వెదురు పీకి ఆయన నెత్తిమీద కొట్టాడు. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆయన మోకాళ్లమీద కూలాడు. మళ్లీ కొట్టాడు. నెత్తురు కళ్లలోకి కారి, ఆయన చేతులతో నేల తడుముకుంటుంటే డొక్కలో తన్నాడు. వాకిళ్లలో జనం ఉన్నారు, మా గడపలో అమ్మా నాన్నా ఉన్నారు. ఎవరూ కదల్లేదు. పెళ్లికొడుకు గుంజకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

లోపలి నుంచి అక్క పరుగెత్తుకొచ్చింది. మట్టలు చెక్కుతున్న కొడవలి చేతిలోనే ఉంది. మూడో దెబ్బకి లేచిన వెదురుకి అడ్డం వెళ్లింది. మేనమామ ఆమె జుట్టు పట్టి ఈడ్చాడు. అక్క చేతిలోని కొడవలి ఝళిపించింది. అతని ముంజేయి చీలింది. అతను గావుకేక పెట్టి వెనక్కి పడ్డాడు. ఆ బరువుకి వెనకున్న గుంజ ఒరిగి, సగం పందిరి అందరిమీదా కూలింది. నేను కొమ్మల కింద చిక్కుకుని అరుస్తుంటే అమ్మ వచ్చి కాళ్లు పట్టి లాగింది.

ఎవరు కబురు పెట్టారో, పోలీసు జమేదారు వచ్చాడు. మేనమామ చేతికి గుడ్డ చుట్టుకుని అప్పటికే కథ సిద్ధం చేసుకున్నాడు. వెదురు కూలి ముసలాయన నెత్తిమీద పడిందట. తాను లేపబోతే పిచ్చిపట్టినట్టు పిల్ల కొడవలితో నరికిందట. అక్కని ఠాణాకి తీసుకుపోవాలని పట్టుబట్టాడు. దుకాణం మనుషులిద్దరూ ఔనన్నారు.

జమేదారు వాడవాళ్ల వైపు తిరిగి, ఎవరు చూశారని అడిగాడు. పక్క వాకిట్లో కుట్టు మిషను తొక్కే ఆయన లోపలికి జరిగాడు. ఎదురింటి ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా నాన్న గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. అప్పుడు జమేదారు పెళ్లికొడుకుని అడిగాడు. అతను మామ ముఖం చూశాడు. తర్వాత నేల చూశాడు.

"నేను సూడలే" అన్నాడు.

తండ్రి తలని అక్క ఒళ్లో పెట్టుకుని, చీర చెంగుతో గాయం అదిమిపట్టి కూర్చుంది. ఆ మాటకి తలెత్తి అతన్ని చూసింది. ఏడవలేదు. చూసింది, అంతే.

జమేదారు ఆమెను లేవమన్నాడు. అప్పుడు నా పక్కన కదలిక. మా అమ్మ. నాన్న ఆమె మోచేయి పట్టుకుని, "నీకెందుకే, లోపలికి పద" అన్నాడు మెల్లగా. అమ్మ చేయి విడిపించుకుంది. కాళ్లు వణకడం నాకు తెలుస్తోంది, నేను ఆమె చీర పట్టుకునే ఉన్నాను.

"నేను చూశానండీ. ఈయనే వెదురు పీకి రెండు దెబ్బలు కొట్టారు. పడిపోయాక కాలితో తన్నారు. ఆ పిల్ల జుట్టు పట్టి ఈడ్చారు. ఆ తర్వాతే కొడవలి" అంది.

మేనమామ మీదికి వచ్చాడు. "ఎక్కడి నుంచో వచ్చినోళ్లు, మీకేం ఎరుక మా ముచ్చట?" అని అరిచాడు. చేయెత్తాడు కూడా. అమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. కానీ పక్కకి జరగలేదు. కళ్లు మూసుకునే మళ్లీ చెప్పింది, "నేను చూశాను. ఎక్కడైనా చెబుతాను."

ఎదురింటి ముసలమ్మ కొంగు తీసింది. "ఔ సారూ, నేను గూడ సూసిన. గీనే కొట్టిండు" అంది. తర్వాత కుట్టు మిషను ఆయన. తర్వాత ఎవరెవరో, ఒకరి మాట మీద ఒకరు. చివరికి మా నాన్న కూడా. జమేదారు మేనమామని దారి పట్టమన్నాడు. కేసంటూ రాస్తే ముందు నీ మీదే రాయాలన్నాడు. దుకాణం మనుషులు అతన్ని రిక్షా ఎక్కించుకుపోయారు.

పెళ్లికొడుకు మాత్రం ఆగాడు. అక్క దగ్గరికి వచ్చి వంగి, జరిగిందేదో జరిగింది, పొద్దున ముహూర్తానికి మామను తీసుకురానని చెప్పాడు.

అక్క అతని కళ్లలోకి చూసి, "మా నాయన నెత్తి పగిలితె సూడలేదన్నవ్. రేపు నా నెత్తి పగిలినా సూడవు. పో" అంది.

తండ్రి ఆ రక్తపు ముఖంతోనే కూతుర్ని బతిమాలాడు. తాను మరిచిపోతానన్నాడు. అక్క ఆయన నోటిమీద చెయ్యి పెట్టి, దవాఖానకి పోదాం లెమ్మంది. పెళ్లి జరగలేదు.

ఆ ఆకులు వాకిట్లోనే వాడి, ఎండి, పొయ్యిల్లోకి పోయాయి. అక్క తండ్రికి కుడి కన్ను చూపు సగం తగ్గింది. మళ్లీ గొడ్డలి పట్టాడు గానీ మునుపటి మనిషి కాలేదు. రెండు మూడేళ్ల తర్వాత చాదర్‌ఘాట్‌లో అచ్చు ప్రెస్సులో పనిచేసే ఒకాయన్ని అక్క చేసుకుంది. నెమ్మదైన మనిషి. ఆ పెళ్లి పందిరికి కూడా చిలుకలు అక్కే అల్లింది, పక్కన మా అమ్మ. ఈసారి అమ్మ వేళ్లకి గుడ్డపీలికలు అవసరం పడలేదు.

మా నాన్న ఆ తర్వాత చాలా రోజులు అమ్మ ముఖం వైపు సరిగా చూడలేకపోయాడు. అమ్మ ఆ సంగతి ఎత్తేది కాదు. ఒక్కసారి మాత్రం నేనే అడిగాను, అప్పుడు భయం వేయలేదా అని. బియ్యంలో రాళ్లు ఏరుతూ, "ఎందుకు వేయలేదూ! ఇప్పటికీ వేస్తోంది" అంది.

ధైర్యమంటే భయం లేకపోవడమని నేను అప్పటిదాకా అనుకునేదాన్ని. నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఉద్యోగంలోనూ, బంధువుల ఇళ్లలోనూ, ఒక్కోసారి బస్సుల్లోనూ, ఒక మనిషి ఇంకొకరి మీద చెయ్యెత్తడం చూశాను. చుట్టూ అందరూ చెప్పుల వైపు చూసుకోవడమూ చూశాను. ప్రతిసారీ నా కాళ్లు వణికాయి. భయం తగ్గేదాకా ఆగాలని ఎన్నడూ అనుకోలేదు. ఆ వణికే కాళ్లతోనే ముందుకు వెళ్లి, చూసింది చూసినట్టు చెప్పాను.