సజ్జచేనికి కట్టిన పాట

మొన్న పగటిపూట బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. పక్కన మనవరాలు వాయించే కీబోర్డు ముందేసుకుని ఫోనులో ఏదో పాత పాట పెట్టింది. రెండు దెబ్బలు పడేసరికి నా చెయ్యి చేటలోనే నిలిచిపోయింది. మూడో క్లాసుతో బడి మానినదాన్ని, సంగీతం నాకెక్కడ తెలుసు? కానీ ఆ పాట తెలుసు. తాళం మనం అనుకున్న చోట పడదు. తల ఊపేసి ఊరుకున్నాక, అప్పుడు తీరిగ్గా పడుతుంది.

"ఏ దేశం పాటే అది?" అన్నాను.

"రెగ్గే అవ్వా. అమ్మ పుట్టకముందుది" అని ఫోను చూసి చదివింది. టెంపో నిమిషానికి డెబ్బై చిల్లరట, కీ మైనరట. "మైనర్ అంటే ఏడుపుగా ఉండాలి. కానీ మూడ్ దగ్గర నిమ్మళం అని వేశాడు చూడు."

నేను దానికి నలభై ఏళ్ళ కిందే వేరే పేరు పెట్టాను. సోమరి పాట.

అది మా తమ్ముడిది. వెంబకోట్టై దగ్గర టపాసుల షెడ్డు అంటుకుంటే గోడ దూకి బతికి వచ్చినవాడు. ఒంటి మీద గీత లేదు గానీ చేతుల్లో వణుకు చేరింది. నా దగ్గరే ఉంచుకున్నాను. అప్పట్లో కోవిల్‌పట్టి చుట్టూ ఇంటింటా అగ్గిపుల్లల పనే. చెక్క చట్రంలో గాడికొక పుల్ల పేర్చాలి. రెండు పుల్లలు ఆనుకుంటే మందులో ముంచినప్పుడు అతుక్కుపోతాయి, కంపెనీ నుంచి ఆ చట్రం తిరిగొస్తుంది. తూత్తుకుడి హార్బరులో పనిచేసే స్నేహితుడు ఓడవాడి దగ్గర అడిగి తెచ్చిన క్యాసెట్ ఒకటి వీడికిచ్చాడు. పొద్దస్తమానం అదే. దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో ఒక్కొక్క పుల్లా దించేవాడు. నేను మూడు చట్రాలు ముగిస్తే వాడిది ఒకటిన్నర. అంతటితో పోతే సరే, నాతో కూర్చున్న ఆడవాళ్ళ చేతులు కూడా ఆ నడకకి దిగాయి.

"ఇది ఉంటే చెయ్యి నా మాట వింటుందక్కా" అన్నాడు ఒకసారి.

"నువ్వు నా మాట విను, చాలు" అన్నాను.

మా చేలో సజ్జ కంకి పాలుపట్టే కాలం. పిచ్చుకలు దిగుతున్నాయి. చేనుకి అడ్డంగా క్యాసెట్ లోపలి టేపు నాడా లాగి కడితే గాలికి మెరిసి, గుయ్యిమని మోగి, పిట్టల్ని తోలుతుంది. అందరూ అందుకు పాడైన క్యాసెట్ వెతుక్కునేవాళ్ళు. నేను వెతకలేదు. వాడు స్నానానికి పోయినప్పుడు టేప్‌రికార్డర్లోంచి తీసి, నాడా అంతా లాగి, కొయ్యలకి కట్టి వచ్చాను. పిట్టల బాధా పాట బాధా ఒకేసారి తీరిందని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

వాడు వచ్చి ఖాళీ క్యాసెట్ తిప్పి తిప్పి చూశాడు. అరిచి ఉంటే బాగుండేది. పాట పోయాక పనేమైనా పెరిగిందా అంటే అదీ లేదు. పుల్లలు గాడి తప్పి ఒళ్ళో రాలేవి, పేర్చిన చట్రాలు తిరిగొచ్చేవి. మధ్యలో లేచి చేనుకి పోయేవాడు. "పిట్టల్ని తోలడానికి నాడా ఉందిగదరా, నువ్వెందుకు?" అని తిట్టేదాన్ని. ఒక మధ్యాహ్నం కూడు తీసుకుపోయి చూస్తే, గట్టుమీద కూర్చుని, మోగే ఆ నాడా మీద రెండు వేళ్ళు ఆనించి ఉన్నాడు. వేళ్ళు వణకడంలేదు.

చూశాను. చూసి కూడా, కూడు అక్కడ దించి వచ్చేశాను. తప్పయిందిరా అనడానికి అప్పుడు నోరు రాలేదు.

మనవరాలు చదివిన ఆ నిమ్మళం అనే మాట రెండు రోజులు నన్ను కూర్చోనివ్వలేదు. ఆ పాటని దానిచేత నా ఫోనులోకి ఎక్కించుకుని, బస్సెక్కి విరుదునగర్ పోయాను. తమ్ముడు ఇప్పుడు కూతురింట్లో ఉంటాడు. చెవులు రెండూ పోయాయి. ఫోను చెవికి ఆనించి పెట్టినా తల అడ్డంగా ఊపాడు. ఏం చెయ్యను? వణికే ఆ చెయ్యి పట్టుకుని, అరచేతిలో వేలితో ఆ పాట నడక కొట్టాను. నా మొహం చూసి నవ్వాడు.

"ఏమక్కా, ఇప్పుడూ తొందరేనా? ఆగి కొట్టు."

నా వేలు పట్టుకుని, ఆపి, పడాల్సిన చోట దించాడు. "తప్పయిందిరా" అన్నాను. వాడికి వినపడలేదు. ఇంకోసారి నా వేలు దించాడు.

దారం ముక్కయినా పారేసినదాన్ని కాదు నేను. ఆ పాట ఆపేసి నేను మిగిల్చుకున్న పొద్దు మాత్రం, ఇల్లంతా వెతికినా ఎక్కడా లేదు.