ఆంటీ రెండో కార్డు

2024 ఫిబ్రవరి. కెనడాలోని ఓక్‌విల్‌లో ఒక ప్లాజాలో, పళ్ళ డాక్టరుకీ పిజ్జా షాపుకీ మధ్య ఇరుక్కున్న చిన్న లా ఆఫీసులో నేను అప్పటికి పదకొండేళ్ళుగా రియల్ ఎస్టేట్ క్లర్క్‌ని. లాయర్ మార్గరెట్, ఫోన్లెత్తే అమ్మాయి, నేను. అంతే మా సైన్యం. ఇళ్ళు అమ్మేవాళ్ళ కాగితాలు తయారు చేసి, వాళ్ళచేత సంతకాలు పెట్టించడం నా పని.

ఈ పని తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఇల్లు చేతులు మారే రోజుని క్లోజింగ్ అంటాం. ఆ రోజు కొన్నవాళ్ళ డబ్బు మా లాయర్ ట్రస్ట్ అకౌంట్‌కి, అంటే క్లయింట్ల డబ్బు ఉంచే ఖాతాకి వస్తుంది. అక్కడినుంచి దాన్ని ఏ ఖాతాకి పంపాలో చెబుతూ అమ్మినవాళ్ళు సంతకం పెట్టే కాగితం పేరు డైరెక్షన్. వీటన్నిటికంటే ముందు ఐడీ చెక్ ఉంటుంది. వచ్చిన మనిషి నిజంగా ఆ ఇంటి ఓనరేనా అని రెండు కార్డులు చూసి, ఫారంలో రెండు చోట్ల టిక్ పెట్టాలి. చిన్నపిల్లలు కూడా చేయగల పని. నేను చేయలేకపోయాను.

ఆ ఫైలు ఒక ఫోన్‌కాల్‌తో మొదలైంది. టెరీ అన్నాడు తన పేరు. లండన్ యాస, వెన్న రాసినట్టుండే మర్యాద. డాక్టర్ కామేశ్వరి గారికి కుటుంబ మిత్రుడినని, రిటైరైన ఆవిడ ఒంటరిగా ఉండలేక ఇల్లు అమ్ముతున్నారని, కొనేవాళ్ళు కూడా కుదిరారని చెప్పాడు. "మీ ఆఫీసులో ఆవిడ భాష మాట్లాడేవారు ఉన్నారట కదా? అందుకే మీ దగ్గరికి వస్తున్నాం," అన్నాడు. నేను ఉబ్బిపోయాను. ముప్ఫై ఏళ్ళు ఇక్కడ పేషెంట్లని చూసిన డాక్టరుకి ఇప్పుడు తెలుగు క్లర్క్ అవసరం ఏమొచ్చిందన్న అనుమానం నాకు రాలేదు. మునగచెట్టు ఎక్కి కూర్చున్నదాన్ని, కింద ఏముందో చూసుకోలేదు.

రెండు రోజులకి ఆవిడ వచ్చారు. అరవై దాటిన మనిషి, నేత చీర మీద పెద్ద వింటర్ కోటు, కళ్ళజోడు, చేతిలో ఒక స్టీలు డబ్బా.

"సుజాతంటే నువ్వేనా అమ్మా? ఇంత చిక్కిపోయావేంటి, వేళకి తింటున్నావా లేదా?" అన్నారు, నన్ను చూడటం అదే మొదటిసారైనా. డబ్బాలో సున్నుండలు. వెనక టెరీ చిరునవ్వుతో నిలబడ్డాడు.

డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చారు. పేరు కామేశ్వరి గారిదే, ఫొటో ఎదురుగా ఉన్నావిడదే. రెండోది అడగబోతుంటే ఆవిడే అందుకున్నారు. "పాస్‌పోర్టు రెన్యువల్‌కి పంపానమ్మా. ఈసారి తెస్తాలే, నేనెక్కడికి పోతాను?" మా అత్తగారి వయసు మనిషి, నోట్లో సున్నుండ పెట్టిన మనిషి. "మీరు మీరేనని నమ్మకమేంటి ఆంటీ?" అని అడగడానికి నాకు నోరు రాలేదు. వేరే ఎవరైనా అయ్యుంటే ఫైలు పక్కన పెట్టేసేదాన్ని. ఆవిడ దగ్గర మొహమాటపడి, ఎలాగూ తెస్తారు కదా అనుకుని రెండో టిక్ కూడా పెట్టేశాను.

తరువాతి వారం మధ్యాహ్నం ఆవిడ ఒక్కరే బస్సులో వచ్చారు. బూట్ల నిండా మంచు. తలుపు వేయమని సైగ చేసి, పర్సులోంచి ఒక చీటీ తీశారు.

"డబ్బు ఈ అకౌంట్‌కి పంపమ్మా. ఆ తెల్లాయనకి మాత్రం చెప్పొద్దు. నీకు దణ్ణం పెడతా. వాడికి తెలిస్తే నన్ను బతకనివ్వడు."

చీటీ నా చేతిలో కుక్కి, కిటికీలోంచి పార్కింగ్ వైపు చూశారు. పెద్దావిడని బెదిరించి ఇల్లు అమ్మిస్తున్నాడనుకున్నాను. చూస్తానని మాటిచ్చి పంపాను. గంట గడవకముందే టెరీ ఫోన్.

"పాపం, ఆవిడకి మతిమరుపు మొదలైంది. ఏవేవో చెబుతారు, పట్టించుకోకండి. డబ్బు నా కంపెనీ ఖాతాకి రావాలి, నంబర్ పంపిస్తాను. ఆవిడతో అనకండి, కంగారు పడతారు."

ఫోన్ పెట్టేశాక ఆలోచించాను. ఇద్దరూ ఒకే రోజు, రెండోవాళ్ళకి చెప్పొద్దని నాకే చెప్పారు. అప్పటికీ నాకు ఆవిడమీద జాలే. పిల్లలెవరైనా ఉంటే కబురు చేద్దామని నా స్నేహితురాలు ఉమకి ఫోన్ చేశాను. ఇక్కడి తెలుగువాళ్ళలో ఉమకి తెలియనివాళ్ళు లేరు.

"కామేశ్వరి ఆంటీకి ఏమైందే? ఆవిడ నవంబర్ నుంచీ కాకినాడలో చెల్లెలి దగ్గరున్నారు. నిన్న కూడా వాట్సాప్‌లో మాట్లాడాను," అంది ఉమ.

ఉమ కలిపితే వీడియో కాల్ చేశాను. తెర మీద నేనెన్నడూ చూడని ముఖం. చక్కటి ఇంగ్లిష్. ఇంటి అడ్రస్ చెప్పి అమ్మకం సంగతి అడగ్గానే ఆవిడ ముఖం పాలిపోయింది. "నేను ఇల్లు అమ్మడమేంటమ్మా? అది తప్ప నాకింకేముంది?" అన్నారు. క్లోజింగ్‌కి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

మార్గరెట్‌కి మొత్తం చెప్పాను, టిక్ సంగతి తప్ప. ఆమె ఫైలు తిరగేసి, "నయం, రెండు ఐడీలూ చూశావు. దొంగ కార్డులైనా మన తప్పు లేదు," అంది. అప్పుడు చెప్పాల్సింది. ఉద్యోగం పోతుందన్న భయంతో చెప్పలేదు.

పోలీసులు వచ్చారు. ఆ ఇద్దరినీ సంతకాలకి మామూలుగానే రమ్మనండి, డైరెక్షన్‌లో ఖాతా నంబర్ ఖాళీగా ఉంచండి, మేం పక్క గదిలో ఉంటాం అన్నారు. అలాగేనని తలూపాను. ఆ సాయంత్రం పార్కింగ్‌లో నా కారు అద్దం మీద మంచు గీకుతుంటే టెరీ పక్కన వచ్చి నిలబడ్డాడు.

"అంతా సవ్యంగా ఉందిగా సుజాతా? మీ అమ్మాయి స్కూల్ బస్సు దిగే మూల దగ్గర బాగా జారుతోంది. జాగ్రత్తగా నడవమనండి."

అంతే అన్నాడు. గొంతు పెంచలేదు. నా చేతిలోంచి బ్రష్ జారి కింద పడితే వంగి తీసిచ్చి వెళ్ళాడు. మర్నాటినుంచి పాపని స్కూలుకి పంపలేదు. ఎందుకని అది అడిగితే జ్వరం వచ్చేలా ఉందని చెప్పాను.

సంతకాల రోజు ఇద్దరూ నవ్వుతూ వచ్చారు. ఆంటీ టేబుల్ కింద నా చెయ్యి పట్టుకుని నొక్కారు. అటునుంచి టెరీ కన్ను గీటాడు. నేను తనవైపే ఉన్నానని ఎవరికి వారే అనుకుంటున్నారు. కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ సంతకాలు పెట్టిస్తున్నాను. పక్క గదిలో మనుషులున్నారని తెలుసు. అయినా ఆ గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నట్టుంది. చివరికి డైరెక్షన్ వచ్చింది.

"నంబర్ ఖాళీగా ఉందేం?" అన్నాడు టెరీ.

"అమ్మేవాళ్ళ ఎదురుగానే రాయాలి," అన్నాను.

అతను జేబులోంచి కాగితం తీసి నంబర్ చదివాడు. నేను రాస్తుంటే ఆంటీ ముఖంలో రంగు మారింది. పెన్ను పట్టుకున్న నా చేతిని ఆపేశారు.

"ఇది మేమిద్దరం అనుకున్న నంబర్ కాదమ్మా. ఈ దొంగముండాకొడుకు నన్ను కూడా ముంచేస్తున్నాడు. నేనిచ్చింది రాయి."

"ఏమంటోంది?" అన్నాడు టెరీ నా కళ్ళలోకి చూస్తూ.

ఆ మాటలు ఉన్నవున్నట్టు చెబితే ఆవిడని ఏం చేస్తాడో. చెప్పకపోతే నన్నేం చేస్తాడో. నోటికొచ్చింది అనేశాను. "కళ్ళజోడు మర్చిపోయారట, అంకెలు కనబడటం లేదంటున్నారు."

టెరీ ఆవిడవైపు చూశాడు. కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది.

అతని నవ్వు పోలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నెమ్మదిగా లేచి తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. బయటికి వెళ్ళడానికో, లోపల గడియ పెట్టడానికో నాకు ఈరోజుకీ తెలియదు. ఆలోపే ఆ తలుపు అవతలనుంచి తెరుచుకుంది, పోలీసులు లోపలికొచ్చారు.

తరువాత తెలిసింది, ఆవిడ పేరు రత్నం. డాక్టర్ గారి భర్త మంచాన ఉన్న రెండేళ్ళూ ఆ ఇంట్లో పనిచేసింది. ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో, కాగితాలు ఏ సొరుగులో ఉంటాయో ఆమెకి తెలుసు. దొంగ లైసెన్స్ చేయించడం, కొనేవాళ్ళని పట్టడం టెరీకి తెలుసు. ఇద్దరూ సగం సగం అనుకుని, మొదటినుంచీ ఒకరినొకరు ముంచడానికే చూశారు.

ఆ గదిలోనే పోలీసాఫీసర్ నన్నడిగాడు. "ఐడీలు రెండూ చూశారా?"

నేను నోరు తెరిచేలోపు, బేడీలు వేసిన రత్నం అందుకుంది. వచ్చీరాని ఇంగ్లిష్‌లో, "చూపించా. రెండూ చూపించా. ఈ అమ్మాయి తప్పేం లేదు," అంది. టెరీకి ఆమెని పట్టివ్వనందుకు నాకిచ్చిన బదులు అది. పోలీసుల వెనకే లోపలికొచ్చిన మార్గరెట్ నావైపు చూస్తోంది. ఊ అంటే చాలు, నా ఉద్యోగం, నా పేరు భద్రం. ఆ ఇద్దరితో కలిసి ఇంకో అబద్ధం, అంతే కదా.

"లేదు. ఒక్కటే చూశాను. రెండో టిక్ ఊరికే పెట్టాను," అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

"పిచ్చిదానా," అంది రత్నం తెలుగులో.

మార్గరెట్ నన్ను తీసేయలేదు. ఏడాదిపాటు ఐడీలు మాత్రం తనే చూసింది. ఆ పని తిరిగి నా చేతికొచ్చాక నేను ఎవరి దగ్గరా, ఎంతటి పెద్దవాళ్ళైనా, రెండో కార్డు చూడనిదే కాగితం ముట్టను. కొందరు పొగరనుకుంటారు. అనుకోనీ.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే డాక్టర్ గారు తిరిగొచ్చారు. నా తప్పు నేనే చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. తాళాలన్నీ మార్పించానని, కెమెరాలు పెట్టించానని చెప్పారు. జూన్‌లో మళ్ళీ మా ఆఫీసుకి వచ్చారు. ఆ ఇల్లు నిజంగానే అమ్మేస్తున్నారు.

"ఎందుకండీ? ఇల్లు దక్కింది కదా," అన్నాను.

"దక్కిందమ్మా. ఎవరు బెల్లు కొట్టినా ఇప్పుడు తలుపు తీయలేకపోతున్నాను," అన్నారు.

ఆ కాగితాలు నేనే తయారు చేశాను. మా పనిలో తప్పుపడిన కాగితం ఏదైనా దిద్దుకోవచ్చు. నేను ఆవిడకి పోగొట్టింది మాత్రం ఏ కాగితం మీదా లేదు.