ఇసుర్రాయి పాట

నాంపల్లిలో టైపిస్టుగా పనిచేసే ప్రహ్లాద్‌కు, తల్లి సౌభాగ్యమ్మ జొన్నలు విసురుతూ పాడే పాటలంటే ప్రాణం. టేపురికార్డరులో పట్టబోతే ఇసుర్రాయి మోతకు ఆమె గొంతు వినబడేది కాదు. ఆబిడ్స్ దుకాణంలో సౌండ్ మిక్సర్ చూశాడు. రెండు మైకులు పెట్టి, రాయి చప్పుడు తగ్గించి గొంతు పెంచుకోవచ్చట.

కొనేముందు, ఉత్త గొంతు ఎలా ఉంటుందో విందామని రాయి ఆపి పాడమన్నాడు. ఆమె మొదటి చరణంలోనే తడబడి, ఖాళీ చేతుల వంక చూసుకుంది.

"రాయి తిరగకుంటె పాట యాదికొస్తలేదు కొడుకా."

అతను మిక్సర్ కొనలేదు. ఉన్న ఒక్క మైకునే రాయి పక్కన పెట్టి, ఆమె విసురుతూ పాడుతుంటే టేపులో పట్టాడు.

ఆమె కాలం చేశాక, సంవత్సరీకం నాడు ఆ టేపు పెట్టాడు. పాట అయిపోయింది. రాయి మాత్రం తిరుగుతూనే ఉంది. టేపు ఆపడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదు.