అవ్వ డబ్బా, యూసుఫ్ సేటు భట్టీ

రేపు మా చెల్లె నిశ్చితార్థం. బోధన్‌లో బేకరీ నడిపే యూసుఫ్ సేటు చేతి బిస్కట్లే పెడతానని, మెండోర ఊళ్లో ఉండే మా అవ్వ వియ్యాలవారికి మాటిచ్చేసింది. పొద్దున్నే నిజామాబాద్ బస్టాండులో నాతో మైదా డబ్బా మోయించి, నెయ్యి, చక్కెర తాను పట్టుకుంది. సామాన్లు మనమే తీసుకుపోయి భట్టీ దగ్గర కూర్చుని కాల్చించుకోవడం మా వైపు అలవాటు. కూర్చోకపోతే నెయ్యి తగ్గుతుందని అవ్వ గట్టి నమ్మకం.

తొమ్మిదింబావుకు బోధన్ బస్సు. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి అవ్వకు జీరో టికెట్. నాకూ, డబ్బాకూ మాత్రం డబ్బులడిగారు.

"డబ్బా సుత ఆడోళ్లదే గద బిడ్డా," అంది అవ్వ.

"అయితే డబ్బా ఆధార్ కార్డు చూపియ్యి అవ్వా," అన్నాడు కండక్టర్.

దారంతా సేటు కథే. చిన్నప్పుడు ఇరాన్ నుంచి మామ వెంట వచ్చాడట. హైదరాబాద్ చాయ్ హోటల్లో రొట్టెలు కాల్చడం నేర్చి, చక్కెర దొరికే ఊరని బోధన్ చేరాడట.

"తెలుగు రాకుండె. నా బిస్కట్లు మాత్రం పిడికెడు నోట్లె ఏసుకునేటోడు. నేను తిడుతుంటి."

చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది కానీ, సేటు బిస్కట్లు లారీల్లో నాందేడ్ దాకా పోతున్నాయి. ఆ సంగతి అవ్వకు ఎక్కలేదు.

పదిన్నరకు బోధన్‌లో సేటు గేటు ముందు ఆటో దిగాం. "ఇది కంపెనీ అవ్వా, డబ్బాలు తీస్కోరు," అన్నాడు వాచ్‌మన్. అవ్వ డబ్బా మీదే కూలబడింది. మాట పోతుందని ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలేసింది. అంతలో కారు ఆగి, ఒక ముసలాయన దిగాడు.

"మెండోర అక్కా, ఇంక ఉన్నవా?"

"నేను పోతే నువ్వు ఎవల నెయ్యి తింటవు సేటూ?"

కొడుకు వద్దంటున్నా సేటు చొక్కా చేతులు పైకి మడిచి, పెరట్లో పాత భట్టీ రాజేయించాడు. అవ్వ నెయ్యికి కాపలా కూర్చుంది. నేను బిర్యానీ తిని వచ్చేసరికి ట్రేలు బయటికి వచ్చాయి. బిస్కట్లన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి. అవ్వ మైదా పోసింది ఇంట్లో పసుపు దాచే డబ్బాలో, అడుగున మిగిలిన పసుపంతా పిండిలో కలిసిపోయింది.

"వీటిని ఎవరూ తినరు," అన్నాడు సేటు కొడుకు. సేటే డబ్బా అంచు దాకా సర్ది, మూత పెట్టి ఇచ్చాడు.

నాలుగు గంటల బస్సు, అదే కండక్టర్. రేపటి పరువు తలచుకుంటూ అవ్వ మూత తీసింది. పై వరుసలో పెద్ద గుంట. అందులో చెయ్యి పెట్టి కొలిచింది.

"పిడికెడు పోయినయ్," అంది, ముఖం వెలిగిపోతూ. "లారీల కొద్ది ఉన్నోడు గివి దొంగిలిండంటే మంచిగైనట్టే. రేపు పెడదాం."

కండక్టర్‌కు రెండు బిస్కట్లిచ్చి, ఈసారి డబ్బాకు టికెట్ కొట్టొద్దంది.