రూతమ్మ ప్రార్థనలో రాజుగారి పేరు

రూతమ్మ ప్రార్థన చేస్తే అందులో గుట్టు అనేది ఉండేది కాదు. భీమడోలుకు దిగువన, కొల్లేటి ఒడ్డున ఉన్న మా పేటలో తాటాకు తడికలతో కట్టుకున్న మందిరం ఒకటి ఉండేది. ఆదివారం పొద్దున అందులో ఆమె గొంతెత్తిందంటే కొల్లేట్లో వలలు వేసేవాళ్ళకు కూడా వినిపించేది. పైగా పేర్లు పెట్టి మరీ ప్రార్థించేది! ఊడ్పులకు ఎవరి చేలో దిగితే ఆ చేను, ఆ ఆసామి, ఆయన పశువులు అన్నీ ఆమె ప్రార్థనలోకి వచ్చేసేవి. నేనప్పుడు పెంటపాడు నుంచి వచ్చిన కొత్తకోడలిని. మా వైపు దేవుడితో మాట్లాడాలంటే పెద్దపెద్ద మాటలు వెతుక్కునేవాళ్ళం. ఈవిడేమో, "నాయనా, నరసరాజుగారి చేలో నీళ్ళు ఎక్కువైనాయి, కాస్త చూడు" అని ఇంట్లో మనిషికి పని పురమాయించినట్టు చెప్పేది. నాకు నవ్వాగేది కాదు.

ఇది పందొమ్మిది వందల ముప్పైల నాటి మాట. నరసరాజుగారు మా చుట్టుపక్కల పెద్ద రైతు, అంతకంటే పెద్ద కోపిష్ఠి. పేటలో సగం మందికి ఆయన చేలే కూడు పెట్టేవి. ఆయన గట్టు మీదుగానే మేం మందిరానికి వెళ్ళాలి. ఒక ఆదివారం ఆయన పాలేరు అటుగా పోతూ ఆగి విన్నాడు. విని ఊరుకున్నాడా? పరుగున పోయి, "అయ్యగారండీ, పేటవాళ్ళు కళ్ళు మూసుకుని మీ పేరు చెబుతున్నారండి. అందరూ కలిసి ఆమెన్ అని కూడా అంటున్నారండి" అని చెప్పేశాడు.

తన మీద ఏదో చేతబడి ప్రయోగం జరుగుతోందని రాజుగారికి రూఢి అయిపోయింది. ఏమని అంటున్నారో ఒక్క మాట అడిగితే ఆయన సొమ్మేం పోయేది? అడగలేదు. మర్నాటికల్లా గట్టుకు అడ్డంగా తుమ్మకంప పడింది. ఇక మేం చీరలు ఎగదోపుకుని, బురదలో పడి లేస్తూ మందిరం చేరాల్సి వచ్చింది.

మా సంఘపెద్ద జ్ఞానయ్యగారు మంచివారే, కానీ భయస్థుడు. రూతమ్మను పిలిచి, "ఆయన పేరు ఇక ఎత్తకమ్మా. కోతలకు పిలవకపోతే పిల్లలకేం పెడతాం?" అన్నారు.

"మంచే కదండీ అడుగుతున్నాను?"

"మంచైనా సరే, మనసులో అడుగు. దేవుడికేమన్నా చెవుడా?"

"ఆయనకి లేదండి. నా మనసునే నమ్మలేనండి. లోపల అనుకుంటే, ఆ కంప గుర్తొచ్చి రాజుగారి పేరు మధ్యలో మింగేస్తాను. పైకి అంటే మీరంతా విన్నారు కదా, ఇక మాట తప్పలేను."

బదులు దొరకని పెద్దమనిషికి కోపం వస్తుంది కదా! మళ్ళీ ఆ పేరు ఎత్తితే ఆమెను ప్రార్థనకు నిలబెట్టేది లేదని జ్ఞానయ్యగారు తేల్చేశారు. ఆ మాట ఆమెకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. రూతమ్మకు పొలం లేదు, పుట్ర లేదు, భర్త కూడా లేడు. వారమంతా ఒంగి నాట్లు వేసే ఆ మనిషి నిటారుగా నిలబడి నలుగురిలో మాట్లాడేది ఆ ఒక్కచోటే.

ఆ వారం ఒకటే వాన. తమ్మిలేరు పొంగి కొల్లేట్లో పడింది, కొల్లేరు గట్లను ఒరుసుకుంటూ లేచింది. ఆదివారం రానే వచ్చింది. రూతమ్మ లేచి నిలబడింది. జ్ఞానయ్యగారు ఆమెనే చూస్తున్నారు.

"తండ్రీ, నరసరాజుగారి చేను పొట్ట మీదుంది, రేపో మాపో కంకి తీస్తుంది. దాన్ని కాపాడు" అంది, ఎప్పటికంటే గట్టిగా!

ఆమెన్ అనేలోపు బయట నుంచి పాలేరు కేక. "గండి! రాజుగారి గట్టుకు గండి పడిందహో!"

యాకోబు అనే కుర్రాడు తొడ చరిచి, "తగిన శాస్తి! కంప వేసినందుకు దేవుడే తీర్పు తీర్చాడు" అన్నాడు. కొందరు తలలూపారు.

రూతమ్మ కళ్ళు తెరిచింది. "ఆమెన్ అనరేం?" అంది. ఎవరూ అనలేదు. "అయితే నేనే అంటాను. ఆమెన్!" అని పక్క గోడ తడిక పట్టుకుని ఒక్క లాగు లాగింది.

"అమ్మా, మందిరం!" అని జ్ఞానయ్యగారు అరిచారు.

"చేను కాపాడమని అడిగి, అది మునుగుతుంటే కూర్చోమంటారా? అట్టాగైతే నేనిన్నాళ్ళూ దేవుడితో అబద్ధమాడానన్నమాట!"

తడిక నెత్తిన పెట్టుకుని ఆమె పరుగు. ఏం చెప్పను, నా కాళ్ళు నన్నడక్కుండానే లేచాయి! నేనూ ఒక తడిక పీకాను. చూస్తుండగానే మందిరానికి గోడల్లేవు.

గండిలో నడుం లోతు నీళ్ళలో రాజుగారూ పాలేరూ ఇద్దరే ఉన్నారు. ఊరివాళ్ళు రావాలంటే వరద దాటాలి. మమ్మల్ని చూసి కొట్టడానికి వస్తున్నామనుకుని, ఆయన చేతిలోని గుంజ పైకెత్తారు. "దగ్గరికి రావద్దు!" అన్నారు. రూతమ్మ ఆగితేనా! జర్రున నీళ్ళలోకి జారి, "ఆ గుంజ ఇటివ్వండి రాజుగారండీ, ఇక్కడ పాతాలి!" అంది.

పాతారు. తడికలు ఆనించాం. యాకోబు సిగ్గుపడుతూ ఆ తుమ్మకంపనే ఈడ్చుకొచ్చి గండిలో కుక్కాడు. ఆడవాళ్ళం వరసగా నిలబడి చేతికి చేయి మట్టిపెళ్ళలు అందించాం. అందరికంటే వెనక, చలవ పంచె మోకాళ్ళపైకి కట్టి, ఆఖరి తడిక మోసుకుంటూ జ్ఞానయ్యగారు వచ్చారు. ఆయన్ని చూసి మేం ఈలలు వేయడం ఒక్కటే తక్కువ. నీటి హోరు తగ్గింది, సన్నటి ధార అయింది, ఆగింది. చేను నిలిచింది!

రాజుగారు గట్టు మీద కూలబడి తలెత్తారు. "రూతమ్మా, నా పేరు పెట్టి అక్కడ ఏమంటావే?"

"ఇప్పుడు అనమంటారా అండీ?"

"అను."

ఒళ్ళంతా బురదతోనే ఆమె కళ్ళు మూసుకుంది. ఆయన చేను, ఎద్దులు, ఇంట్లో అమ్మగారి మోకాలి నొప్పి అన్నీ చెప్పింది. "ఆయన కోపం కూడా కాస్త తగ్గించు నాయనా, ఒంటికి మంచిది కాదు" అంది. మాకు పైప్రాణాలు పైనే పోయాయి. అయినా అందరం ఆమెన్ అన్నాం.

రాజుగారు గొంతు తగ్గించి, "తాడేపల్లిగూడెంలో మా అమ్మాయి జ్వరంతో మంచం పట్టింది. డాక్టర్లు ఏ మాటా చెప్పడం లేదు. దాని పేరు కూడా చెప్పు" అన్నారు.

"మీరే చెప్పండి. కన్నవారు."

"మీ ప్రార్థన నాకు రాదే."

"బిడ్డ పేరు వచ్చు కదండీ."

రాజుగారు లేచి నిలబడ్డారు. తలపాగా విప్పి చేత్తో పట్టుకున్నారు. మా అందరి ముందూ, పైకే, "రత్నమాణిక్యం" అన్నారు. కళ్ళు మూసుకున్నారు.

అందరికంటే ముందు ఆమెన్ అన్నది జ్ఞానయ్యగారు.