మంచం మీది తువ్వాలు

నా చిన్నప్పుడు మస్కి సంత రోజున బస్సులో సీటు కావాలంటే ముందుగా ఎక్కనక్కర్లేదు, భుజం మీద తువ్వాలు ఉంటే చాలు. బస్సు ఇంకా ఆగకముందే మగాళ్ళు దాని వెంట పరిగెత్తి కిటికీల్లోంచి తువ్వాళ్ళు విసిరేవాళ్ళు. ఎవరి తువ్వాలు ఎక్కడ పడితే ఆ సీటు వాళ్ళది. ఆ తరువాత తీరిగ్గా టీ తాగి, బీడీ కాల్చుకుని, బస్సు కదిలే వేళకి వచ్చి కూర్చునేవాళ్ళు. అప్పటిదాకా చంటిపిల్లల తల్లులూ ముసలివాళ్ళూ ఆ ఖాళీ సీట్ల పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడేవాళ్ళు. తువ్వాలు పక్కకి జరిపి కూర్చోవాలని ఒక్కరికీ తోచేది కాదు. ఈ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మేం ఉండేది కన్నడ సీమలో, మస్కికి కొంచెం దూరంలో, తుంగభద్ర కాలవ కింద ఒక క్యాంపులో. కాలవ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి, పొలాలు కొనుక్కుని వరి వేసినవాళ్ళ ఊళ్ళని ఇక్కడ క్యాంపులనే అంటారు. మా తాతయ్య కోస్తాలో బడిపంతులుగా చేసి, ఉన్న కాస్త పొలం చెక్కా అమ్మేసి, మా నాన్నని వెంటబెట్టుకుని ఇటు వచ్చేశాడు. పెదనాన్న మాత్రం సొంతూరు వదలనని అక్కడే ఉండిపోయాడు.

ఇక్కడిది నల్లరేగడి. వాన పడితే కాలికి అంటుకుని చెప్పులు లాగేసుకునేది, ఎండ కాస్తే చెయ్యి పట్టేంత నెర్రెలు ఇచ్చేది. తాతయ్య ఆ మట్టిని తిట్టుకోని రోజు లేదు. కానీ అటునుంచి వచ్చిన చుట్టాలెవరైనా ఈ నేలని ఒక్క మాటంటే మాత్రం ఊరుకునేవాడు కాదు. చేలో తుమ్మచెట్టు పక్క మూల చూపించి, 'నేను పోతే ఎటూ మోసుకుపోకండర్రా, అక్కడే తగలెయ్యండి' అని నవ్వుతూ అనేవాడు. నవ్వుతూ అన్నాడు కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. చిన్నపిల్లని కనుక నేనొక్కదాన్నే నమ్మాను.

రోజూ పొద్దున్నే వరండాలో నవారు మంచం మీద కూర్చుని తాతయ్య నాకొక ఇంగ్లీషు మాట చెప్పేవాడు. బళ్ళో కన్నడం, ఇంట్లో తెలుగు, ఇంగ్లీషు మాత్రం తాతయ్య సొంతం. ఆ మాటతో మర్నాటికి నేనొక వాక్యం కట్టి తేవాలి. వాక్యం బాగోకపోతే ఏమీ అనేవాడు కాదు. బాగుంటే మాత్రం వేలి కణుపుతో నా నెత్తిన టక్కున ఒక మొట్టికాయ పడేది. అందరిళ్ళలో తప్పు చేస్తే మొట్టికాయ, మా ఇంట్లో ఒప్పయితే మొట్టికాయ. పిల్ల బుర్ర సొట్టపోతుంది మావయ్యగారూ అని అమ్మ నొచ్చుకునేది. నాకు మాత్రం అది పడకపోతే ఆ పూట అన్నం సయించేది కాదు.

ఒక సంత రోజున మస్కిలో తాతయ్యా నేనూ బస్సెక్కేసరికి సీట్లన్నిటి మీదా తువ్వాళ్ళే. ముందు వరసలో ఒక ముసలావిడ నెత్తిన జొన్నల మూట పెట్టుకుని నిలబడి ఉంది. మోకాళ్ళు వాచిపోయి ఉన్నాయి. కండక్టరేమో ముందుకి జరగమని కన్నడంలో కేకలేస్తున్నాడు. తాతయ్య ఆవిడ పక్కనున్న సీటు మీది తువ్వాలు తీసి, దులిపి, ఇస్త్రీ బట్టలా నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకున్నాడు. ఆవిడ మూట దించి కిందపెట్టి, కూర్చోమని సైగ చేశాడు. ఆవిడ భయపడుతూనే కూర్చుంది. బస్సంతా మమ్మల్నే చూసింది. నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బస్సు కదిలేముందు ఆ తువ్వాలు మనిషి ఎక్కాడు.

"గా సీటు నాది. తువ్వాల ఏసిన గద, కనబడలేదా?"

తాతయ్య మడత పెట్టిన తువ్వాలుని రెండు చేతులతో అందించాడు.

"మీ తువ్వాలు భద్రంగా ఉందండి, తీసుకోండి. కూర్చున్నావిడని లేపే అధికారం మాత్రం దీనికి లేదు కదండీ."

ఆ మనిషి కాసేపు గొణిగి, వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. క్యాంపు దగ్గర దిగి కాలవ గట్టు మీద నడుస్తుంటే, రేపటి మాట ఈరోజే చెప్పేస్తానన్నాడు తాతయ్య. ఆ మాట అరొగేట్. ఎవరూ ఇవ్వని హక్కుని తనకు తానే ఇచ్చేసుకోవడం అన్నాడు. అలా అయితే ఆ మనిషి సీటుని అరొగేట్ చేశాడన్నమాట అన్నాను. కాదన్నాడు. సీటు చెక్కముక్క, అది ఎక్కడికీ పోలేదు. అక్కడ ఎవరు కూర్చోవాలో చెప్పే హక్కు ఉందే, దాన్ని తీసుకున్నాడు. ఈ మాటని వస్తువుల మీద వాడరు, హక్కు మీద, పెత్తనం మీద, పేరు మీద వాడతారు. వాక్యంలో ఆ మాట వెనకే ఎవరికోసం తీసుకున్నాడో కూడా చెప్పాలి, తనకోసమేనని. ఇదంతా దొంగతనమే కదా, ఇంకో మాటెందుకని విసుక్కున్నాను. తాతయ్య ఆగి నా వైపు తిరిగాడు.

"దొంగకి అది తనది కాదని తెలుసే అమ్మడూ, అందుకే దాక్కుంటాడు. వీడికి అదీ తెలీదు. తనదే అనుకుంటాడు, మనచేతా అనిపిస్తాడు."

మర్నాటికి వాక్యం తెమ్మన్నాడు. బస్సూ తువ్వాలూ కాకుండా వేరే ఏదైనా కావాలన్నాడు. ఆ సాయంత్రమంతా బుర్ర బద్దలు కొట్టుకున్నా నాకేమీ దొరకలేదు.

పొద్దున్నే పలక పట్టుకుని వరండాలోకి వెళితే మంచం మీద తాతయ్య లేడు. నూతి దగ్గర పడిపోయి ఉన్నాడు. కుడి పక్కంతా చచ్చుబడింది, నోరు పడిపోయింది. రాయచూరు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించి, కొన్నాళ్ళకి ఇంటికి తీసుకొచ్చారు. మళ్ళీ అదే మంచం, అదే వరండా. కళ్ళు తెరిచి కాలవ వైపు చూస్తూ పడుకునేవాడు. ఎడమ చెయ్యి మాత్రం కొంచెం కదిలేది. ఆయనకి స్పృహ ఉందో లేదో చెప్పలేమన్నారు పెద్దవాళ్ళు.

కబురందుకుని పెదనాన్న రైలెక్కి వచ్చాడు. ఆయన చెడ్డవాడని ఎవరైనా అంటే నేనిప్పటికీ ఒప్పుకోను. తాతయ్య ఒళ్ళు తుడిచినా, జావ పట్టినా తనే. పట్టేటప్పుడు చంటిపిల్లాణ్ణి బుజ్జగించినట్టు మాట్లాడేవాడు, గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకునేవాడు. కానీ పెద్దకొడుకు ఉండగా తండ్రి పరాయి రాష్ట్రంలో కన్నుమూయడం ఆయనకి తల తీసేసినట్టయింది. మొదట్లో, నాన్నగారికి సొంతూరు మీద బెంగ ఉండే ఉంటుంది అన్నాడు. రెండు పూటలు గడిచేసరికి, ఉండేది, నాతో అనేవారు అన్నాడు. చూడటానికొచ్చిన క్యాంపు వాళ్ళకి చెప్పేటప్పుడు, ఊళ్ళోనే పోవాలని నా దగ్గర మాట తీసుకున్నారు అన్నాడు. చెప్తున్నప్పుడు ఆయన గొంతు పూడుకుపోయింది. అబద్ధం ఆడేవాడికి గొంతు పూడుకుపోదు. ఆయన మనస్ఫూర్తిగా నమ్మేశాడు, విన్నవాళ్ళూ నమ్మేశారు. అదీ కొడుకంటే, అనేశారు.

నాన్నకి తెలుసు. తుమ్మచెట్టు సంగతి నాన్నా విన్నాడు. కానీ అన్నయ్య మాటకి ఎదురు చెప్పడం ఆయనకి పుట్టుకతో రాలేదు. నీళ్ళు కట్టాలని చెప్పి పొలానికి వెళ్ళిపోయాడు. అమ్మ కోడలు, ఆమెని అడిగేదెవరు? ఆవిడ వంటింట్లో పొయ్యి ఊదుతూ కూర్చుంది.

ఆ మధ్యాహ్నం మంచం దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. అప్పుడు నాకు వాక్యం దొరికింది. ఎందుకు దొరికిందా అని ఏడుపొచ్చింది. తాతయ్య చెవి దగ్గర నోరు పెట్టి, నీ తరఫున మాట్లాడే హక్కుని పెదనాన్న తనకు తానే అరొగేట్ చేసుకున్నాడు తాతయ్యా అని చెప్పాను. తల అక్కడే ఆయన చెయ్యి పక్కన ఆనించాను. ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. వేలి కణుపు నా నెత్తిన తగిలింది. దెబ్బ కాదు, వట్టి తాకిడే. కానీ అది మొట్టికాయే, నాకు తెలుసు.

ఊరికి వెళ్తావా అని అడిగాను. చెయ్యి కదల్లేదు. ఇక్కడే ఉంటావా అన్నాను. కణుపు మళ్ళీ తగిలింది. నేను వీధిలోకి పరిగెత్తి పెదనాన్నని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. తాతయ్య మొట్టికాయ వేస్తున్నాడు, అంటే అవునని, నువ్వే అడుగు పెదనాన్నా అని ఒకటే చెప్పాను. ఆయన నా మాటలు వింటూనే మంచం పక్కన కూలబడ్డాడు. నాన్నా అంటూ ఆ ఎడమ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, గుండెకి గట్టిగా హత్తుకున్నాడు. ఇంకెక్కడి మొట్టికాయ! ఆ చేతిలో ఉన్నదే కాస్త బలం. తాతయ్య కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అప్పుడే పొలంనుంచి వచ్చిన నాన్నతో పెదనాన్న ఏడుస్తూ అన్నాడు.

"చూశావురా, చెయ్యి ఎలా పట్టుకున్నారో. తీసుకెళ్ళమంటున్నారు."

వదలమని నేను ఆయన వేళ్ళు పీకాను. అమ్మ వచ్చి నన్ను ఎత్తుకుని పెరట్లోకి తీసుకుపోయింది. కోపంతో కాదు, ఆవిడా ఏడుస్తోంది. చిన్నపిల్ల, తాతంటే ప్రాణం, అందుకే అలా చేస్తోంది అని లోపల ఎవరో అంటున్నారు. నా ఏడుపుకి కూడా వాళ్ళే అర్థం చెప్పేశారు.

మర్నాడు జీపులో పరుపు వేసి రాయచూరు స్టేషనుకి తీసుకెళ్ళారు. ఎత్తుతున్నప్పుడు తాతయ్య కళ్ళు కాలవ వైపే ఉన్నాయి. నేను గుంజని కరుచుకుని నిలబడ్డాను. చెయ్యగలిగింది ఏదీ లేదు. జీపు పోయాక వరండాలో ఖాళీ మంచం మిగిలింది, దండెం మీద ఆయన తువ్వాలు మిగిలింది. నేను ఆ తువ్వాలు తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి మంచం మీద వేశాను. సాయంత్రం నాన్న అలిసి వచ్చి కూర్చోబోయి, తువ్వాలు చూసి ఆగిపోయాడు. అరుగు మీద కూర్చున్నాడు. ఇంట్లో ఎవరూ ఆ మంచం మీద కూర్చోలేదు.

కోతలకి ముందే తాతయ్య పోయాడని కబురొచ్చింది. నాన్న వెళ్ళి వచ్చాడు. ఊరు ఊరంతా కదిలొచ్చిందనీ, చాలా ఘనంగా సాగనంపారనీ చెప్పాడు. తుమ్మచెట్టు మూల ఆ ఏడు కూడా వరే పండింది.

ఆ మరుసటి వేసవిలో పెదనాన్న మమ్మల్ని చూడటానికి వచ్చాడు. ఎండన పడి వచ్చి, నేరుగా మంచం మీద వాలబోయాడు. తువ్వాలు చూసి, ఇది ఎవరిదే అని నన్ను అడిగాడు. తాతయ్యది అన్నాను. ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. మంచం కోడు పక్కన నేలమీద కూర్చుని, చెయ్యి ఎత్తి ఆ తువ్వాలు అంచు మీద పెట్టుకున్నాడు. ఉన్నన్నాళ్ళూ నేలమీదే కూర్చున్నాడు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో, దాని బదులు మిగిలిన బరువు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు నాకు తాతయ్య వయసు దాటింది. మొన్న డాక్టరు నన్ను ఎలా ఉందని అడిగితే మా అబ్బాయి అందుకుని, అమ్మకి ఫరవాలేదండీ అనేశాడు. ఉండరా నాయనా, నా నోరు ఇంకా నా దగ్గరే ఉంది అన్నాను. డాక్టరు నవ్వాడు కానీ నేను నవ్వలేదు. నా మాట నేను ముందే చెప్పి పెట్టాను, నవ్వకుండా చెప్పాను. నాకు తుమ్మచెట్టు మూల.

మా ఆయన ఆఖరి ఏడాది మాట లేకుండానే మంచంలో ఉన్నారు. ఆయనకిది కావాలి, ఇది వద్దు అని నేనెవరికీ చెప్పలేదు. ప్రతిదీ ఆయన్నే అడిగేదాన్ని. నెత్తి ఆయన చెయ్యి దగ్గర ఆనించి కూర్చునేదాన్ని. చాలాసార్లు ఏ జవాబూ వచ్చేది కాదు. రాని చోట నా మాట పెట్టకుండా అలాగే కూర్చోవడం, తాతయ్య నేర్పిన ఇంగ్లీషులో నాకు మిగిలింది అదొక్కటే.