తువ్వాల కింద బేరం

నిన్న పొద్దున మెడికల్ షాపు షట్టర్ ఎత్తుతుంటే గౌస్ ఫోన్.

"శీనూ, మన నర్సింలు పోయిండురా."

ఎక్కడికి పోయాడని అడిగాను. నిజంగానే అడిగాను. వాడు భోరుమంటే అప్పుడు అర్థమైంది. తెల్లారగట్ల ఛాతీలో నొప్పన్నాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట.

షట్టర్ సగంలో వదిలేసి షాపు మెట్ల మీదే కూలబడిపోయాను.

ఆ తర్వాత నాకొచ్చిన మొదటి ఆలోచన ఏంటో చెప్తే మీరు తిడతారు. తిట్టండి.

నర్సింలు భార్య అనిత ముందు గౌస్‌కి ఎందుకు ఫోన్ చేసింది? నాకెందుకు చేయలేదు?

గౌస్ ఇల్లు గద్వాలలో వాళ్ల వెనక వీధిలోనే. వాడికి కారుంది. నేనుండేది వనపర్తిలో. ఎవరైనా గౌస్‌కే చేస్తారు. అన్నీ తెలుసు. అయినా కడుపు మండింది.

నిన్నటి నుంచి అందరి స్టేటస్‌లూ చూస్తున్నా. "నా ప్రాణ స్నేహితుడు" అని ఒకడు. "మై బెస్ట్ ఫ్రెండ్" అని ఇంకొకడు. ఆ రెండోవాడు నర్సింలు విత్తనాల షాపులో ఎప్పుడో పత్తి గింజలు కొన్నాడు, అంతే!

ఒరేయ్, వాడికి ఎంతమంది ప్రాణ స్నేహితులుంటార్రా?

మా బ్యాచ్ నలుగురమే. నర్సింలు, అనిత, గౌస్, నేను. ప్రతి ఆదివారం నర్సింలు ఇంట్లో చాప పరిచి బోర్డ్ గేమ్స్ ఆడేవాళ్లం. సరదాకి కాదు. గెలవడానికి.

ఏ గేమ్ కొనాలన్నది మా వాట్సాప్ గ్రూప్‌లో పెద్ద పంచాయితీ. నేనెప్పుడూ ఇద్దరు ఆడే గేమ్‌ల లింకులే పెట్టేవాణ్ణి. ఒక్క ఆదివారమైనా వాడు నా ఎదురుగా కూర్చుని నాతో మాత్రమే ఆడాలని నా ఆశ.

వాడు సాగనిస్తేనా!

"ఇద్దరు ఆడేది ఎందుకురా? గౌస్‌గాడు, అనిత మన మొఖాలు చూస్కుంట కూసోవాల్నా? నలుగురం కొట్లాడుకునేది తే."

అట్లా వచ్చిందే ఆ ఊళ్లు కట్టే గేమ్. గొర్రెలు, కట్టెలు, ఇటుకలు అని కార్డులుంటాయి. ఒకరితో ఒకరు వాటిని మార్చుకుంటూ ఊళ్లు కట్టాలి. ముందు కట్టినవాడు గెలిచినట్టు.

మార్చుకోవడం అనగానే నర్సింలు లేచి, లోపలికి పోయి ఒక తువ్వాల తెచ్చాడు.

వాళ్ల నాయన అయిజ సంతలో ఎడ్ల బేరాలు కుదిర్చేవాడు. అక్కడ బేరం నోటితో ఆడరు. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పి, లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడ్డవాళ్లకు ఏమీ తెలియదు. మా గొర్రెల కార్డులకు కూడా వాడు అదే పద్ధతి పెట్టాడు. తువ్వాల కింద జరిగింది మూడో మనిషికి చెప్పకూడదు.

బేరాలు అందరి ముందే ఆడాలని రూల్ బుక్‌లో ఉంటే, ఆ పేజీ తీసి వాడి ముందు పెట్టాను.

"ఆ బుక్కు రాసినోడు అయిజ సంతకు రాలే పో," అన్నాడు.

ఆ తువ్వాలను చూస్తే చాలు, నాకు ఒళ్లు మండేది.

నాతో బేరం టక్కున అయిపోయేది. రెండు వేళ్లు, రెండు గొర్రెలు, ఖతం. గౌస్‌తో మాత్రం ఎంతకీ తేలేది కాదు. చేతులు లోపల, ముసిముసి నవ్వులు బయట. అంతసేపు వాళ్లిద్దరి మధ్య ఏముంది? నర్సింలుకి నాకంటే గౌసే ఎక్కువా? ఇదే నా పరేషాన్.

ఒకసారి నేను గెలవడానికి ఒక్క ఇటుక కావాలి. గౌస్ చేతినిండా ఇటుకలే. తువ్వాల కింద వాడి వేళ్లన్నీ పిసికాను, నా గొర్రెలన్నీ ఇస్తానన్నాను. వాడు చెయ్యి లాగేసుకున్నాడు. తర్వాతి టర్న్‌లోనే నర్సింలు గెలిచి, నన్ను చూసి పళ్లికిలించాడు.

బోర్డు తిరగేసి, అనిత ఇచ్చిన చాయ్ ముట్టకుండా బస్సెక్కాను. పెబ్బేరు దాటేదాకా ఇద్దర్నీ తిట్టుకుంటూనే ఉన్నాను.

మళ్లీ ఆదివారం అందరికంటే ముందు వాళ్ల గుమ్మంలో నేనే.

నిన్న సాయంత్రం అంత్యక్రియలు అయిపోయాక నేనూ గౌసూ నర్సింలు ఇంటి అరుగు మీద కూర్చున్నాం. గౌస్ ఆపకుండా ఏడుస్తున్నాడు. నాకంటే ఎక్కువ ఏడుస్తున్నాడని, దానికి కూడా కోపమొచ్చింది నాకు.

ఉండబట్టలేక అడిగేశాను. "తువ్వాల కింద మీ ఇద్దరికి అంతగనం ముచ్చట ఏంది భై? ఇప్పుడన్న చెప్పు."

గౌస్ నా చెయ్యి తీసుకుని బొటనవేలు పట్టుకున్నాడు.

"నీ ముచ్చటే రా. బొటనేలు పట్టిండంటే శీనుగాడని. చిటికెనేలు గుంజిండంటే, వానికేం ఇయ్యకు, గెలవనియ్యకు అని."

"అనితకు గూడ గిట్లనే చెప్తుండెనా?"

"ఆమెకు గూడ."

"ఎందుకురా? వానికి నేనేం చేసిన?"

గౌస్ కళ్లు తుడుచుకున్నాడు.

"నేను గూడ అడిగిన. 'శీనుగాడు గెలిస్తే వాని కడుపు నిండుతది, మల్ల రాడు. ఓడగొట్టి పంపితే రోషంతోని ఐతారం పొద్దుగాల్నే బస్సు దిగుతడు. వాడు రాకుంటే నాకు మనసున పట్టదు భై' అన్నడు."

అనిత బయటికొచ్చి "లోపలికి రా అన్నా" అని పిలిచేదాకా చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

గౌస్ మీద కుళ్లు పోయిందనుకుంటున్నారా? పోలేదు. ఇంత మాట నాకంటే ముందు వాడికి తెలుసు కదా! తెలిసి కూడా ఇన్నేళ్లు కడుపులో దాచుకుని నా పక్కనే కూర్చున్నాడు.

నర్సింలూ, నేనింకా గెలవలేదురా. ఈ ఆదివారం కూడా బస్సెక్కుతా.

నువ్వు నిమ్మళంగా పడుకో.